కరవది కోడె, ఉబెరాబా లెక్కల పుస్తకం

పనీపాటా లేకుండా ఊరి మీద పడి తిరిగేవాణ్ని 'అచ్చోసిన ఆంబోతు' అని తిడతాం. ఆ మాట పుట్టినప్పుడు అది తిట్టు కాదు, హోదా. ఇంట్లో పెద్దలు కాలం చేస్తే వారి పేరు మీద ఒక కోడెదూడకు అచ్చు వేసి ఊరికి వదిలేవారు. చేతికి దొరికిన దూడనల్లా వదిలేవారు కాదు. పశువుల తీరు తెలిసిన నలుగురు పెద్దలు కూర్చుని తల్లి పాడి ఎంత, తండ్రి ఎలాంటి పని చేసింది, నడక ఎలా ఉంది, గిట్టలు గట్టివా కావా అని చూసి ఎంచేవారు. ఒకసారి అచ్చు పడ్డాక దాన్ని కాడికి కట్టరు. ఎవరి చేలో పడి మేసినా కర్ర ఎత్తరు. ఊళ్లోని ఆవులన్నిటికీ అదే జత.

పిండప్రదానంతో ముడిపడిన ఈ ఆచారం నిజానికి పశు ప్రజనన పథకం. మంచి మగ పశువును ఎంచడం, దానికి మేత హక్కు ఇవ్వడం, మిగతా కోడెలకు విత్తులు కొట్టించి సేద్యంలో పెట్టడం... ఈ మూడు పనులూ తరతరాలుగా ఒకే దిశలో సాగితే ఏమవుతుందో చెప్పడానికి గుండ్లకమ్మ, ముసి ఏళ్ల మధ్య నల్లరేగళ్లలో తిరిగిన తెల్లటి పశువులే సాక్ష్యం. సున్నం పాలు ఎక్కువున్న నేల, జొన్నచొప్ప, పిల్లిపెసర మేత, మండే ఎండ, బరువైన నాగలి. వీటన్నిటికీ తగ్గట్టు తయారైన జాతి ఒంగోలు.

ఆ జాతి ఈ రోజు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఒంగోలులో కాదు, బ్రెజిల్‌లో. అక్కడ దాని పేరు నెలోరి. ఒంగోలు ప్రాంతం 1904లో గుంటూరు జిల్లాలో కలిసేదాకా నెల్లూరు జిల్లాలోదే. ఓడెక్కిన పశువులకు ఆ జిల్లా పేరే స్థిరపడిపోయింది. బ్రెజిల్ మొత్తం పశుసంపద 23 కోట్ల పైమాటే. అందులో దాదాపు 80 శాతం మూపురం ఉన్న జాతుల రక్తం కలిగినవేనని అక్కడి లెక్క. వాటిలో నెలోరిదే సింహభాగం. 2023లో వియాటినా-19 అనే నెలోరి ఆవులో మూడోవంతు వాటా వేలానికి వచ్చింది. దాన్ని బట్టి కట్టిన పూర్తి ధర 43 లక్షల డాలర్లు దాటింది, అంటే మన లెక్కన 35 కోట్ల రూపాయలకు పైనే. గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ ఆవు బరువు 1,101 కిలోలు. ఆ ఈడు నెలోరి ఆవుల సగటు బరువుకు దాదాపు రెట్టింపు.

ఈ వార్త వచ్చినప్పుడల్లా మనవాళ్లు రెండు మాటలు అంటారు. ఒకటి, 'చూశారా మన ఒంగోలు గిత్త ఘనత'. రెండు, 'మన సొత్తు పట్టుకుపోయారు'. మొదటిది సగం నిజం. రెండోది అసలు విషయాన్ని మరుగున పడేస్తుంది. అక్కడికి వెళ్లింది పశువు మాత్రమే. దాన్ని ఇప్పుడున్న స్థితికి తెచ్చింది ఏమిటో చూడాలంటే ఓడ రేవులో మొదలుపెట్టి తూకం బల్ల దాకా నడవాలి.

1868లో ఇంగ్లండ్‌కు పోతున్న ఓడ ఒకటి సాల్వడార్ రేవులో ఆగినప్పుడు రెండు ఒంగోలు పశువులు అక్కడ అమ్ముడుపోయాయని బ్రెజిల్ పశుచరిత్రల్లో రాస్తారు. పదేళ్లకు, 1878లో, మనుయెల్ ఉబెల్హార్ట్ లెంగ్రూబర్ అనే రైతు జర్మనీలోని హాంబర్గ్‌లో, హాగెన్‌బెక్ జంతుశాలలో ఒక జతను చూసి ముచ్చటపడి కొనుక్కుపోయాడు. ఆ తర్వాత దఫదఫాలుగా మరికొన్ని వెళ్లాయి. ఆఖరి పెద్ద దఫా 1960ల మొదట్లో. ఆ పశువుల్ని నేరుగా ఒడ్డుకు చేర్చలేదు. రోగాల భయంతో అట్లాంటిక్ నడిమధ్య ఉన్న ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో నెలల తరబడి విడిగా ఉంచి పరీక్షించారు. టోరెస్ ఓమెమ్ రోడ్రిగెస్ డా కున్యా అనే పెంపకందారు తెచ్చుకున్న కోడె పేరు కరవది. ఒంగోలు పక్కనున్న ఊరి పేరే దానికి పెట్టారు. గోదావరి, ఆకాశము, చేకూరపాడు... నెలోరి వంశావళి పుస్తకం తిరగేస్తే మన ఊళ్ల పేర్లు, మన మాటలు పోర్చుగీసు ఉచ్చారణలో పలకరిస్తాయి.

భారతదేశం నుంచి బ్రెజిల్‌కు వెళ్లిన మూపురపు పశువులు అన్ని జాతులూ కలిపినా ఏడు వేలకు మించవు. ఏడు వేలు కోట్లు ఎలా అయ్యాయి?

ఈ ప్రశ్నకు జవాబు ఆ పశువుల కణాల్లోనే దొరికింది. కణంలో రెండు చోట్ల డీఎన్ఏ ఉంటుంది. కేంద్రకంలోది తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది. మైటోకాండ్రియాలో ఉండే చిన్న తునక మాత్రం తల్లి నుంచే వస్తుంది. తల్లికి అమ్మమ్మ నుంచి, అమ్మమ్మకు ఆమె తల్లి నుంచి. 1999లో బ్రెజిల్ పరిశోధకులు మేలిరకంగా నమోదైన నెలోరి, గిర్, బ్రాహ్మన్ పశువుల మైటోకాండ్రియాను పరీక్షిస్తే సగానికి పైగా వాటిలో మూపురం లేని ఐరోపా ఆవుల గుర్తులు బయటపడ్డాయి. అంటే మూలపుటమ్మలు పోర్చుగీసువాళ్లు అంతకుముందెప్పుడో తెచ్చిన ఆవులు. వాటి మీదకు ఒంగోలు ఆంబోతును వదిలారు. పుట్టిన పెయ్యల మీదకు మళ్లీ ఒంగోలు ఆంబోతునే. మొదటి తరంలో సగం, రెండో తరంలో ముప్పాతిక, ఐదో తరానికి వచ్చేసరికి 32 పాళ్లలో 31 పాళ్లు ఒంగోలే. చూపుకు, ఒడ్డూపొడుగుకు, ఎండకు తట్టుకునే శక్తికి అది ఒంగోలు గిత్త. లోపల ఒక్క మూల మాత్రం లిస్బన్ అమ్మమ్మ జాడ చెరగలేదు.

ఈ రెండు రకాల పశువులూ దగ్గరి చుట్టాలేమీ కావు. 1994లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ శాస్త్రవేత్తలు మైటోకాండ్రియా తేడాలను లెక్కగట్టి, మూపురం ఉన్నవీ లేనివీ విడిపోయి కనీసం రెండు లక్షల ఏళ్లు అయి ఉంటుందని తేల్చారు. మనిషి పశువును మచ్చిక చేసుకుని పదివేల ఏళ్లకు మించలేదు. కాబట్టి మచ్చిక రెండు చోట్ల వేర్వేరుగా జరిగింది. ఒకటి పశ్చిమాసియాలో, ఇంకొకటి సింధు పరిసరాల్లో.

రెండు లక్షల ఏళ్ల ఎడబాటు అన్నిటికన్నా బాగా కనిపించేది ఎండాకాలంలోనే. ఒంగోలు ఆవు వేడిని ఎలా తట్టుకుంటుందని అడిగితే చాలామంది మూపురాన్నో, వేలాడే గంగడోలునో చూపిస్తారు. చర్మం విస్తీర్ణం పెరిగితే వేడి బయటికి పోతుందని తర్కం. 1950ల్లో అమెరికాలో దీన్ని నేరుగా పరీక్షించారు. మూపురపు జాతి పశువులకు శస్త్రచికిత్స చేసి గంగడోలు, మూపురం తగ్గించి చూశారు. ఎండకు తట్టుకునే శక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రహస్యం వేరేచోట ఉంది. నల్లటి చర్మం మీద పొట్టిగా, నున్నగా, ఒంటికి అంటుకుని ఉండే తెల్ల వెంట్రుక ఎండను వెనక్కి తిప్పికొడుతుంది. చెమట గ్రంథులు పెద్దవి, చర్మం పైపొరకు దగ్గరగా ఉంటాయి. అన్నిటికీ మించి, ఒంట్లో పుట్టే వేడే తక్కువ. పొయ్యి సన్నగా మండే ఇంట్లో ఉక్కపోత తక్కువ కదా.

ఇంకా లోతుకు వెళ్లినవాడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ హాన్సెన్. ఆయన బృందం కొద్ది రోజుల వయసున్న పిండాలను పళ్లెంలో ఉంచి 41 డిగ్రీల వేడికి గురిచేసింది. ఆ దశలో పిండానికి చర్మం లేదు, వెంట్రుక లేదు, చెమట లేదు. గుప్పెడు కణాలు మాత్రమే. ఐరోపా జాతి హోల్‌స్టీన్ పిండాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. మూపురపు జాతి బ్రాహ్మన్ పిండాలు అంతకన్నా బాగా నిలదొక్కుకున్నాయి. అంటే తట్టుకునే గుణం కణంలోనే ఉంది. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో ఇంతకన్నా విలువైన ఆస్తి పశుపోషణలో మరొకటి ఉందా?

మూపురపు ఆవులో మరో విశేషం కూడా బ్రెజిల్‌కు కలిసొచ్చింది. ఆవు అండాశయంలో ఒక్కో విడతకు చిన్నచిన్న నీటిబుడగల్లాంటి పుటికలు పైకి వస్తాయి. ఒక్కో దానిలో ఒక అండం. స్కానింగ్ తెర మీద చూస్తూ, సన్నటి సూదితో ఆ బుడగలను ఒక్కొక్కటిగా పొడిచి అండాన్ని పీల్చి తీస్తారు. దాన్ని ప్రయోగశాలలో వీర్యకణాలతో కలిపి ఏడు రోజులు పెంచి, వేరే ఆవు గర్భంలో పెడతారు. హోల్‌స్టీన్ ఆవులో ఒక విడతకు పది లోపు అండాలు దొరికితే, నెలోరి ఆవులో ఇరవై చుట్టుపక్కల దొరుకుతాయి. ప్రకృతి ఇచ్చిన ఈ తేడా వల్లే ప్రయోగశాల పిండాల ఉత్పత్తిలో బ్రెజిల్ ప్రపంచానికి ముందు నిలిచింది. మామూలుగా ఒక ఆవు జీవితకాలంలో ఎనిమిదో పదో దూడలను ఈనుతుంది. ఈ పద్ధతిలో ఒక మేలైన ఆవు వందల దూడలకు తల్లి కాగలదు.

ఇక్కడే అసలు మలుపు. వందల దూడలను పుట్టించగలిగినప్పుడు ఏ ఆవు పిల్లలను పుట్టించాలనే ప్రశ్న వందరెట్లు బరువెక్కుతుంది. తప్పు ఆవును ఎంచుకుంటే తప్పు కూడా వందరెట్లే. అందుకే బ్రెజిల్ గెలుపు ఈ సాంకేతికతతో మొదలు కాలేదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, 1938లో, మినాస్ జెరైస్ రాష్ట్రంలోని ఉబెరాబా పట్నంలో పెంపకందారుల సంఘం మూపురపు జాతులకు వంశావళి నమోదు తెరిచినప్పుడు మొదలైంది. ప్రతి దూడకూ తండ్రి ఎవరు, తల్లి ఎవరు, ఎప్పుడు పుట్టింది అన్నవి రాశారు. తర్వాత తూకాలు చేరాయి.

సావొ పావులో రాష్ట్రంలోని సెర్తాఁవ్‌జిన్యు పరిశోధన కేంద్రంలో 1970ల చివర మొదలైన ప్రయోగం ఈ కథలోకెల్లా అందమైన అధ్యాయం. నెలోరి మగదూడలను సుమారు 210 రోజులకు తల్లి నుంచి వేరు చేస్తారు. ఆ తర్వాత 168 రోజులు ఒకే కొట్టంలో, ఒకే మేత మీద ఉంచుతారు. 378వ రోజు నాటి బరువును లెక్కగట్టి, బాగా తూగినవాటినే తర్వాతి తరానికి తండ్రులుగా ఎంచుతారు. ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే. గొప్పతనం పక్క మందలో ఉంది. అక్కడ కావాలనే సగటు బరువున్న కోడెలను ఎంచుకుంటారు, బరువైనవాటిని పక్కన పెడతారు. పొలంలో ఎరువు వేయని మడిని ఒకటి పోలికకు ఉంచుకునే రైతు పద్ధతే ఇది. వానలు బాగా పడి గడ్డి ఏపుగా పెరిగిన ఏడు రెండు మందల్లోనూ దూడలు బరువెక్కుతాయి. ఆ ఏటి వాటా తీసేశాక మిగిలిన తేడాయే జన్యువులది. నాలుగు దశాబ్దాలకు పైగా ఓపిగ్గా ఇలా సగటు మందను మేపుతూ రావడం వల్ల, మెరుగుదలలో ఎంత మేతది, ఎంత రక్తానిది అని విడదీసి చెప్పగలుగుతున్నారు.

కోడె వృషణాల చుట్టుకొలతను టేపుతో కొలవడం కూడా అక్కడ ఆనవాయితీ. చుట్టుకొలత ఎక్కువున్న కోడెల కూతుళ్లు త్వరగా ఎదకు వస్తాయని తేలింది. ఆలస్యంగా ఎదకు రావడం ఒంగోలు జాతికి పాత జబ్బు. మొదటి ఈతకే మూడేళ్లు దాటుతుంది. ఒక చిన్న టేపు ముక్కతో ఆ గుణాన్ని తరతరానికీ దిద్దుకుంటూ వచ్చారు.

2001లో మేవిసెన్, హేస్, గొడార్డ్ అనే ముగ్గురు జన్యుశాస్త్రవేత్తలు మరో దారి చూపారు. జన్యుపటం నిండా వేల గుర్తులను చదివి, ఏ గుర్తుకు ఎంత బరువో లెక్కగడితే, దూడ పుట్టగానే దాని విలువను అంచనా వేయవచ్చన్నారు. లక్షల తూకాలు పుస్తకాల్లో సిద్ధంగా ఉన్న దేశాలు ఈ పద్ధతిని వెంటనే అందిపుచ్చుకున్నాయి. గుర్తులు చదివే చిప్‌ను ఎవరైనా కొనవచ్చు. గుర్తు పక్కన రాయాల్సిన తూకం మాత్రం కొంటే దొరకదు.

మన దగ్గర కథ వేరేగా నడిచింది. ట్రాక్టర్ వచ్చాక గిత్తకు చేలో పని పోయింది. పాలకు గేదె ఉంది, ఆ పైన జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు వచ్చాయి. సగటున ఈతకు 800 కిలోల దాకా పాలిచ్చే ఒంగోలు ఆవు వాటితో పోటీ పడలేదు. దేశం మొత్తం మీద 2019 పశుగణనలో విదేశీ, సంకర జాతి పశువులు అంతకుముందు గణన కన్నా 26.9 శాతం పెరిగితే, దేశవాళీవి 6 శాతం తగ్గాయి. అచ్చోసిన ఆంబోతు తిట్టుగా మాత్రమే మిగిలింది. ఆ ఆచారం పోయినందుకు కాదు బాధ. దాని లోపలున్న ఎంపిక పద్ధతి పోయింది, దాని స్థానంలో రైతు దొడ్డి దాకా వచ్చే మరో పద్ధతి నిలవలేదు. గుంటూరు దగ్గర లాం ఫారం, ప్రకాశం జిల్లా చదలవాడ, నెల్లూరు జిల్లా చింతలదేవి కేంద్రాలు మందలను కాపాడుతున్నాయి. వాటి సేవ చిన్నది కాదు. కానీ ఒంగోలు మీద డాక్టరేట్ చేసే విద్యార్థికి అందుబాటులో ఉండేది ఫారం మందలోని కొన్ని వందల, మహా అయితే కొన్ని వేల పశువుల లెక్క. అదే జాతి మీద బ్రెజిల్‌లో పనిచేసే విద్యార్థి ముందు లక్షల తూకాలు ఉంటాయి. తెలివిలో తేడా లేదు, పుస్తకంలోనే ఉంది.

హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2021లో 'ఇండిగౌ' అనే చిప్‌ను విడుదల చేసింది. దేశవాళీ ఆవుల కోసమే రూపొందించిన ఆ చిప్ 11,496 గుర్తులను చదువుతుంది. గిర్, కాంక్రేజ్, సాహివాల్‌తో పాటు ఒంగోలునూ దృష్టిలో పెట్టుకుని చేశారు. తొలినాటి చిప్‌లు ఎక్కువగా ఐరోపా జాతుల తేడాల మీదే తయారయ్యాయి. మన పశువులను వాటితో చదవడం చత్వారపు కళ్లద్దాలు అరువు తెచ్చుకోవడం లాంటిది. ఆ లోటు తీర్చే ప్రయత్నం ఇది.

ఈ మధ్య దేశవాళీ ఆవు పేరు ఎత్తగానే ఏ2 పాల మాట వస్తోంది. బీటా కేసిన్ అనే పాల మాంసకృత్తులో 209 అమైనో ఆమ్లాలు ఉంటాయి. 67వ స్థానంలో ప్రోలిన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. మన జాతుల్లో దాదాపు అన్నీ ఏ2వే, అది నిజం. ఏ1 పాలు మధుమేహానికో, గుండెజబ్బుకో కారణమన్న వాదనను 2009లో ఐరోపా ఆహార భద్రత సంస్థ పరిశీలించి, కార్యకారణ సంబంధం రుజువు కాలేదని చెప్పింది. సీసా మీద ఏ2 అని రాసి రెట్టింపు ధరకు అమ్మడం ఒంగోలు జాతిని నిలబెట్టే దారి అని నమ్మడం కష్టం. ఎండను ఓర్చుకునే కణం, పిడుదు అంతగా పట్టని చర్మం, కరువు మేతతో నెట్టుకొచ్చే పొట్ట... నిలబడే గుణాలు ఇవి.

బ్రెజిల్‌కూ ఒక చిక్కు ఉంది. కరవది, గోదావరి లాంటి కొద్ది కోడెల వీర్యమే దేశమంతా పారింది. ఏ నెలోరి వంశావళి పైకి పాకినా ఆ కొద్ది పేర్లే మళ్లీమళ్లీ తగులుతాయి. జన్యుశాస్త్రంలో 'ప్రభావశీల జనాభా' అనే లెక్క ఉంది. ఎన్ని తలలు ఉన్నాయని కాదు, చుట్టరికం కలవని తలలు ఎన్నింటితో సమానం అని చూస్తుంది. వంశావళి ఆధారంగా లెక్కిస్తే కోట్ల నెలోరిలకు ఆ సంఖ్య వంద చుట్టుపక్కలే తేలింది. 50కి దిగితే ప్రమాదమని ప్రజనన శాస్త్రం హెచ్చరిస్తుంది. తరతరాల మేనరికాల వల్ల ఇళ్లలో ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పశువుల్లోనూ అంతే. చూలు నిలవకపోవడం, దూడలు బలహీనంగా పుట్టడం మెల్లగా తలెత్తుతాయి.

1960లలో ఓడెక్కని కోడెల సంతానం ఇక్కడి పల్లెల్లోనే ఉంది. ఆ జన్యు వైవిధ్యాన్ని ఇంతవరకు ఎవరూ పూర్తిగా కొలవలేదు. పండగలకు బండలాగుడు పోటీలు జరిగే మైదానంలో అది కళ్లముందే నిలబడుతుంది. పోటీకి ముందు నిర్వాహకుడు గిత్త కింది పెదవి దించి పళ్లు చూస్తాడు. రెండు పళ్లా, నాలుగు పళ్లా, ఆరు పళ్లా? దాన్ని బట్టే విభాగం. జోడీలు బండను ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలిచి, అంగుళాలతో సహా మైకులో చదువుతారు. ఎన్ని నిమిషాల్లో లాగాయో కూడా చెబుతారు. అంత కచ్చితమైన కొలత అది. సాయంత్రానికి ఆ కాగితం ఎక్కడికో పోతుంది. గిత్త చెవికి మాత్రం ప్రభుత్వం వేసిన 12 అంకెల పసుపు బిళ్ల అలాగే ఉంటుంది. ఆ అంకెల పక్కన దాని తండ్రి ఎవరో, అది ఎన్ని అడుగులు లాగిందో రాసుకునే చోటు ఖాళీగా ఉంది.